గ్రీన్‌కార్డు తేదీ వచ్చేనాటికి కాగితాలు సిద్ధంగా ఉండాలి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బంగారు అంగట్లో గుమాస్తాగా లెక్కలు రాసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. మా అబ్బాయి 2012లో హెచ్-1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద అమెరికా వెళ్లాడు. వాడి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ 2014 నవంబరులో ఈబీ-2 (పై చదువులు చదివిన ఉద్యోగుల తరగతి) కింద పెర్మ్ (అమెరికా కార్మిక శాఖ ధ్రువీకరణ) దరఖాస్తు పెట్టింది, మరుసటి ఏడాది ఐ-140 (కంపెనీ పెట్టే వలస పిటిషను) మంజూరైంది. 2022లో తేదీ వచ్చిందని, అంటే చివరి దరఖాస్తు పెట్టుకునే వంతు వచ్చిందని ఫోను చేస్తే ఇంటిల్లిపాదీ సంతోషించాం. కానీ వాడు పుట్టింది జమ్మలమడుగు దగ్గర పల్లెలో, ఇంట్లోనే. జనన ధ్రువపత్రం లేదు. నేను ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితం సంపాదించేసరికి గడువు దాటిపోయి తేదీ మళ్లీ వెనక్కి పోయింది. 2023లో వాడు కంపెనీ మారాడు. కొత్త కంపెనీ మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టింది, అదీ ఏడాదికి పైగా కదలడం లేదు. మనవరాలు 2011లో ఇక్కడే పుట్టింది, ఆమె గురించి కూడా దిగులుగా ఉంది. ఎవరైనా మావాణ్ణి మోసం చేస్తున్నారా? మన ఎంపీ గారి చేత లేఖ రాయిస్తే పని అవుతుందా? పొలం అమ్మి పెట్టుబడి వీసాకు పెట్టమని ఒక ఏజెంటు చెబుతున్నాడు. స్టాంపింగ్ భయంతో వాడు నాలుగేళ్లుగా ఇంటికి రాలేదు. వచ్చేయమని చెప్పాలా? నా వల్లనే ఇదంతా ఆలస్యమైందన్న బాధతో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ అబ్బాయిని ఎవరో మోసం చేస్తున్నారని అనుమానించడానికి మీ ఉత్తరంలో నాకు ఆధారం కనబడలేదు. ఆయనకు ఎదురవుతున్నవి రెండు వేర్వేరు ఆలస్యాలు. ఒకటి అమెరికా చట్టం పెట్టిన వరుస, దానిని ఏ లాయరూ ఏ నాయకుడూ కుదించలేడు. రెండోది కార్యాలయాల్లో దస్త్రం కదలడానికి పట్టే కాలం. ఇది కొంతవరకు మన చేతిలో ఉంది. ఈ రెండూ కలిసిపోయి కనిపించడం వల్లనే చాలా కుటుంబాలు కదలని దాని మీద డబ్బూ శక్తీ పోసి, కదిలించగలిగిన దానిని పట్టించుకోకుండా వదిలేస్తున్నాయి.

మీరు లెక్కలు రాసినవారు గనుక వరుస సంగతి అంకెల్లోనే చెబుతాను. 1990లో చేసిన చట్టం ప్రకారం ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఇందులో ఉద్యోగితో పాటు భార్యనూ పిల్లలనూ కూడా లెక్కిస్తారు. మీ అబ్బాయి ఉన్న ఈబీ-2 తరగతికి ఇందులో 28.6 శాతం, అంటే సుమారు 40,000 వస్తాయి. పుట్టిన దేశాన్ని బట్టి ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది కాబట్టి భారతదేశంలో పుట్టినవారికి ఈబీ-2లో ఏటా సుమారు 2,800 మాత్రమే నికరంగా దక్కుతాయి. ఇతర దేశాలవారు వాడుకోక మిగిలిన సంఖ్యలు ఉంటే అవి పాత తేదీల వారికి చేరతాయి, కానీ ఎన్ని మిగులుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండుకూ, నూట నలభై కోట్ల భారతదేశానికీ ఒకే పరిమితి పెట్టడం అన్యాయమనే నా అభిప్రాయం. అర్హతలో తేడా లేకపోయినా, పుట్టిన ఊరు ఎక్కడుందన్న ఒక్క కారణంతో ఒకరికి రెండేళ్లలో వచ్చేది మరొకరికి పదిహేనేళ్లయినా రాకపోవడం బాధ కలిగించే విషయం. దీనిని మార్చే ప్రయత్నం జరగకపోలేదు. 2019 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ ఈ పరిమితిని తొలగించే బిల్లును 365–65 ఓట్లతో ఆమోదించింది, 2020 డిసెంబరులో సెనేటు అలాంటి బిల్లునే వేరే రూపంలో ఆమోదించింది, కానీ రెండింటినీ ఒకటి చేయకుండానే ఆ సభల కాలం ముగిసిపోయింది. మార్పు రావాలంటే మళ్లీ అక్కడే రావాలి. కడప ఎంపీ గారు ఎంత మంచి లేఖ రాసినా ఆ వరుసలో ఒక్క స్థానం కూడా ముందుకు జరగదు, ఆయనను ఇబ్బంది పెట్టవలసిన అవసరం లేదు.

ఇక 2022 సంగతి. పెర్మ్ పెట్టిన తేదీయే వరుసలో మీ అబ్బాయి స్థానం. ప్రతి నెలా అమెరికా ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తుంది, దానికంటే ముందు తేదీ ఉన్నవారికే వంతు వస్తుంది. ఆ విషయంలో మీరు మిమ్మల్ని నిందించుకుంటున్నారు కాబట్టి అప్పుడు ఏం జరిగిందో వివరంగా తెలుసుకోవడం మంచిది. కోవిడ్ కాలంలో విదేశాల్లోని కాన్సులేట్లు పనిచేయక, కుటుంబ సంబంధాల మీద ఇచ్చే వీసాలు పెద్ద ఎత్తున మిగిలిపోయాయి. చట్టం ప్రకారం ఆ మిగులు తరువాతి ఏడాది ఉద్యోగ తరగతులకు చేరుతుంది. అందువల్ల 1,40,000 ఉండవలసినవి 2022 ఆర్థిక సంవత్సరంలో (అక్కడ అది సెప్టెంబరుతో ముగుస్తుంది) 2,81,000 దాటాయి. ఆ వరద వల్లనే భారతీయుల ఈబీ-2 తేదీ ఆ వేసవి చివరికి 2014 డిసెంబరు 1 దాకా వెళ్లింది, మీ అబ్బాయి 2014 నవంబరు తేదీ అందులోకి వచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలోనే ఆ ఏటి సంఖ్యలు అయిపోయాయని ప్రకటించారు. అక్టోబరులో తేదీ 2012 ఏప్రిల్ 1కి, డిసెంబరులో 2011 అక్టోబరు 8కి వెనక్కి పోయింది.

మీ కాగితం సమయానికి చేరి ఉంటే గ్రీన్‌కార్డు వచ్చేసేదని మీరు అనుకుంటున్నారు. ఆ వేసవిలో సమయానికి దరఖాస్తు పెట్టినవారిలో కూడా చాలామంది సంఖ్యలు అయిపోవడంతో అలాగే నిలిచిపోయారు. అయితే వారికి ఒక ప్రయోజనం మాత్రం దక్కింది. చివరి దశ దరఖాస్తు అయిన ఐ-485 పెండింగులో ఉన్నవారు సొంతంగా పని అనుమతి పత్రమూ ప్రయాణ అనుమతి పత్రమూ తీసుకోవచ్చు, దరఖాస్తు 180 రోజులు దాటాక అదే తరహా ఉద్యోగంలోకి కంపెనీ మారవచ్చు. మీ అబ్బాయి కోల్పోయింది ఆ వెసులుబాటును. వరుసలో తన స్థానాన్ని ఆయన కోల్పోలేదు.

ఆ స్థానం కంపెనీ మారినా ఎలా నిలుస్తుందో చెప్పాలి. పాత చిట్టాలోని బాకీని కొత్త చిట్టాలోకి ఎత్తి రాసేటప్పుడు మొదటి తేదీని వదిలిపెట్టరు కదా, అలాగే ఒకసారి మంజూరైన ఐ-140 తాలూకు 2014 నవంబరు తేదీని కొత్త కంపెనీ పెట్టే పిటిషనుకు తీసుకువెళ్లవచ్చు. మోసం వల్లనో, మంజూరు చేయడంలోనే పెద్ద పొరపాటు వల్లనో ఆ పాత మంజూరును రద్దు చేస్తే తప్ప ఆ తేదీ పోదు. ఐ-140 మంజూరై 180 రోజులు దాటాక పాత కంపెనీ దానిని వెనక్కి తీసుకున్నా, ఆ కారణంతో మంజూరు రద్దు కాకుండా 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నిబంధన కాపాడుతుంది. ఆ మంజూరు ఆధారంగానే ఆయన ఆరేళ్ల పరిమితి దాటాక కూడా హెచ్-1బీని మూడేసి ఏళ్లకు పొడిగించుకోగలుగుతున్నారు. అందువల్ల మంజూరు పత్రమైన ఐ-797 కాపీ తన దగ్గర ఉందో లేదో అబ్బాయిని అడగండి. కంపెనీ దగ్గర మాత్రమే ఉంటే, పాత కంపెనీలో తెలిసినవారు ఉన్నప్పుడే దానిని సంపాదించుకోవాలి.

ఇప్పుడు కొత్త కంపెనీ ఆలస్యం. మీ అబ్బాయి దరఖాస్తు కార్మిక శాఖ దగ్గర పెర్మ్ దశలో ఉండి ఉంటుంది. ముందుగా ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో ఇవ్వవలసిన జీతాన్ని కార్మిక శాఖ నిర్ణయించాలి, దానికే నెలలు పడుతుంది. తరువాత కంపెనీ ప్రకటనలు ఇచ్చి, అర్హత ఉన్న స్థానికులు దొరకలేదని చూపాలి. ఆ తరువాతనే పెర్మ్ దరఖాస్తు పడుతుంది. 2024, 2025లో ఆ దరఖాస్తు ఒక్కటే తేలడానికి ఏడాదికి పైగా పట్టింది. ఎక్కువ రుసుము కట్టి త్వరగా తేల్చుకునే సదుపాయం పెర్మ్‌కు లేదు. కాబట్టి లాయరు ఆఫీసు ‘ఇంకా రాలేదు’ అంటున్నదంటే అది సాధారణంగా నిజమే. అయితే జీతం నిర్ణయం ఏ తేదీన అడిగారు, పెర్మ్ ఏ తేదీన దాఖలైంది అన్న రెండు తేదీలు మాత్రం అబ్బాయి లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. దాఖలే చేయకుండా ‘ప్రాసెస్‌లో ఉంది’ అని నెలలు గడిపే సంస్థలు ఉన్నాయి. అక్కడ మాత్రం ఒత్తిడి పెట్టడం సమంజసం.

2025 దాకా ఈ ఆలస్యం వల్ల పెద్ద నష్టం జరగలేదు, ఎందుకంటే అప్పటికి వరుస ఇంకా చాలా వెనుక ఉండేది. 2025 వేసవి అంతా భారతీయుల ఈబీ-2 తుది తేదీ (కార్డు మంజూరు చేయగల తేదీ) 2013 జనవరి 1 దగ్గరే నిలిచిపోయింది. కానీ అక్టోబరులో తుది తేదీ 2013 ఏప్రిల్ 1కి కదిలింది, దరఖాస్తు దాఖలు చేసుకోవడానికి ఇచ్చే రెండో పట్టికలో తేదీ 2013 డిసెంబరు 1 అయింది. రెండో పట్టికను వాడుకోవచ్చని ఆ నెలకు అమెరికా వలస సేవల సంస్థ అనుమతి కూడా ఇచ్చింది. ఆ పట్టికకూ మీ అబ్బాయి తేదీకీ అప్పటికి ఉన్న అంతరం పదకొండు నెలలు. పదకొండు నెలల అంతరం అంటే పదకొండు నెలల్లో వస్తుందని అర్థం కాదు, ఒక్క నెలలో ఏడాది దూకిన రోజులూ ఉన్నాయి, ఏడాదంతా కదలనివీ ఉన్నాయి. అందుకే ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ విడుదల చేసే వీసా బులెటిన్‌ను అబ్బాయి స్వయంగా చూసుకోవాలి. 2022లో జరిగినట్టు తలుపు అకస్మాత్తుగా తెరుచుకుని కొన్ని వారాల్లోనే మూసుకోవచ్చు. ఆ రోజుకు కాగితాలన్నీ చేతిలో ఉండటమే మీ కుటుంబం చేయగలిగిన పని, మీ శ్రమ అంతా దాని మీదనే పెట్టమని నా సలహా.

కొత్త పెర్మ్ మంజూరైన వెంటనే, 180 రోజుల లోపు, ఐ-140 పెట్టాలి. దీనికి ప్రీమియం రుసుము కడితే సాధారణంగా 15 పనిదినాల్లో సమాధానం వస్తుంది. అప్పటికి తేదీ తెరిచి ఉంటే ఐ-485ను కూడా దానితో కలిపి పెట్టవచ్చు. పెర్మ్ రాకముందే తేదీ తెరుచుకుంటే ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే ఆలోచించాలి. గ్రీన్‌కార్డు అనేది భవిష్యత్తులో ఇవ్వబోయే ఉద్యోగం కోసం కాబట్టి, పాత కంపెనీ తన పిటిషనును వెనక్కి తీసుకోకుండా, మళ్లీ ఉద్యోగం ఇవ్వడానికి నిజంగా ఇష్టపడితే ఆ పిటిషను మీదనే దాఖలు చేసే అవకాశం ఉంటుంది. ఇది కంపెనీ లాయరును అడగడం ఇబ్బందిగా ఉంటుంది, ఆయన ముందుగా కంపెనీ మేలు చూస్తాడు. ఒక గంట రుసుము కట్టి స్వతంత్ర ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడటం ఈ సమయంలో దండగ కాదు.

కాగితాల విషయంలో మీ పాత్ర పెద్దది, ఇప్పుడు చేయవలసినదీ అదే. 2022లో మీరు సంపాదించిన పత్రం ఏమిటో ఒకసారి తీసి చూడండి. అది జననం నమోదు కాలేదని రిజిస్ట్రారు ఇచ్చే ‘అలభ్యత ధ్రువపత్రమా’, లేక ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్యంగా నమోదు చేయించిన జనన ధ్రువపత్రమా? మొదటిదైతే దానిలో అబ్బాయి పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు స్పష్టంగా ఉండి, రికార్డు లేదని రాసి, అధికారి సంతకమూ ముద్రా ఉండాలి. రెండోదైతే నమోదు తేదీ పుట్టిన తేదీకి దశాబ్దాల తరువాత ఉంటుంది కనుక, అక్కడి అధికారులు అదనపు ఆధారాలు అడిగే అవకాశం ఎక్కువ. ఏదైనా సరే, దానికి తోడుగా పదో తరగతి మార్కుల జాబితా, బడిలో ఇచ్చిన టీసీ, మీరిద్దరూ వేర్వేరుగా చేసిన అఫిడవిట్లు ఉండాలి. మన పల్లెల్లో 1984 ముందు పుట్టినవారి నమోదులు అప్పటి గ్రామాధికారుల చేతిలో ఉండేవి. ఆ వ్యవస్థ రద్దయి, మరుసటి ఏడాది మండలాలు ఏర్పడినప్పుడు రిజిస్టర్లు చేతులు మారాయి. కాబట్టి పంచాయతీలో లేదంటే తహసీల్దారు కార్యాలయంలోని పాత దస్త్రాల్లో కూడా ఒకసారి వెదికించి, అక్కడా లేదని తేలితేనే అలభ్యత పత్రానికి పోవడం పద్ధతి.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త వహించండి. మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, మునిసిపాలిటీ పత్రంలో మరో వర్ణక్రమంలో ఉండటం మన జిల్లాలో ప్రతి ఇంట్లోనూ ఉన్న సంగతే. ఆ మూడు పేర్లూ ఒకే మనిషివని మీ అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయించండి. కోడలి జనన పత్రం, వివాహ ధ్రువపత్రం, మనవరాలి జనన పత్రంలో తల్లిదండ్రుల పేర్లు కూడా ఈ దృష్టితోనే సరిచూడండి. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లీషు అనువాదం జత చేసి, తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సంపూర్ణమూ సరైనదీ అని అనువాదకుడు సంతకం చేయాలి. మీరిద్దరూ కాక ఆ ప్రసవం నాటికి ఇంట్లో ఉన్న పెద్దవారు ఎవరైనా ఉంటే వారి అఫిడవిట్ కూడా ఇప్పుడే నోటరీ ముందు చేయించండి. పెద్ద వయసు వారి విషయంలో దీనిని వాయిదా వేయకూడదు.

మనవరాలి విషయంలో మీ దిగులుకు కారణం ఉంది, కానీ గాబరా పడవలసిన పరిస్థితి ఇంకా లేదు. ఆమెకు 2032లో 21 ఏళ్లు నిండుతాయి, అంతవరకు తండ్రి దరఖాస్తులో బిడ్డగానే ఉంటుంది. 2002లో వచ్చిన చట్టం ప్రకారం వీసా సంఖ్య అందుబాటులోకి వచ్చిన నాటి వయసులోంచి ఐ-140 పెండింగులో ఉన్న కాలాన్ని తీసివేసి లెక్కిస్తారు, సంఖ్య వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. 2025 ఆగస్టు 15 నుంచి పెట్టే దరఖాస్తులకు ఈ వయసును తుది తేదీ పట్టికను బట్టే చూస్తున్నారు, దాఖలు పట్టికను బట్టి కాదు. అంటే దాఖలు పట్టిక తెరుచుకుని దరఖాస్తు పెట్టినా ఆమె వయసు అక్కడ ఆగదు. దీనిని అబ్బాయి గుర్తుంచుకోవాలి.

పొలం అమ్మే మాట దయచేసి పక్కన పెట్టండి. పెట్టుబడి వీసాకు తక్కువలో తక్కువ 8,00,000 డాలర్లు కావాలి, మన రూపాయల్లో ఏడు కోట్ల పైమాటే. ప్రాజెక్టు మునిగితే ఆ సొమ్ము తిరిగి వస్తుందన్న హామీ చట్టం ఇవ్వదు. అలాగే డబ్బు కడితే అవార్డులూ పరిశోధన పత్రాలూ ఇప్పించి ఈబీ-1 (అసాధారణ ప్రతిభ ఉన్నవారి తరగతి) తెప్పిస్తామనే వారి మాట అబ్బాయిని అస్సలు విననీయకండి. అబద్ధపు ఆధారాలు పెట్టినట్టు ఒకసారి రికార్డుకెక్కితే, ఇంతకాలం కాపాడుకున్న పాత తేదీతో సహా అన్నీ ప్రమాదంలో పడతాయి.

ఆయన ఐ-140గానీ ముందు ముందు ఐ-485గానీ ప్రకటించిన సాధారణ గడువు దాటి నిలిచిపోతే, అప్పుడు చేయదగినవి ఉన్నాయి. వలస సేవల సంస్థకు విచారణ విన్నపం పెట్టవచ్చు, తాను నివసించే నియోజకవర్గపు అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడి కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు, దానికి పౌరసత్వం ఉండనవసరం లేదు. చివరికి అసమంజసమైన ఆలస్యమని ఫెడరల్ కోర్టులో దావా కూడా వేయవచ్చు. అయితే వీటివల్ల దస్త్రం తెరుచుకుంటుందే తప్ప వీసా సంఖ్య పుట్టదు. ఇప్పటి స్థితిలో వాటి అవసరం రాలేదు.

తిరిగి వచ్చేయమని చెప్పాలా అన్నది మీ కుటుంబం తేల్చుకోవలసిన మాట. ఒక్క విషయం మాత్రం తెలిసి నిర్ణయించుకోండి: తిరిగి వచ్చినంత మాత్రాన 2014 తేదీ పోదు, కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే తేదీ వచ్చాక ఇక్కడి కాన్సులేట్ ద్వారా కూడా ప్రక్రియ పూర్తి చేయవచ్చు. కానీ మధ్యలో మళ్లీ హెచ్-1బీ మీద వెళ్దామనుకుంటే, అమెరికా బయట ఉన్నవారి కోసం పెట్టే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్న 2025 సెప్టెంబరు నాటి ఆదేశం అడ్డు రావచ్చు. మనవరాలు హైస్కూలు మధ్యలో ఉంది. విసుగుతో ఒక పూటలో తీసుకునే నిర్ణయం ఇది కాకూడదు.

స్టాంపింగ్, అంటే ఇక్కడి కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద మళ్లీ వీసా వేయించుకోవడం, గురించిన భయం కూడా అకారణమైనది కాదు. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా స్టాంపింగ్ చేసే సదుపాయం హెచ్-1బీ వారికి తీసివేశారు. డిసెంబరు 15 నుంచి వారి సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు, ఆ మార్పుతో ఎందరివో అపాయింట్‌మెంట్లు నెలలు వెనక్కి పోయాయి. సెలవు మీద వచ్చి ఇక్కడ చిక్కుకుపోతే ఉద్యోగానికే ముప్పు కావచ్చు. కాబట్టి ఈసారికి మీరిద్దరే వెళ్లండి. బీ-2 సందర్శక వీసాకు డీఎస్-160 ఫారం నింపి, హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ ఇంటర్వ్యూకు తేదీ తీసుకోండి. కొడుకు గ్రీన్‌కార్డు దరఖాస్తు సంగతి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీకు ప్రొద్దుటూరులో ఇల్లూ పొలమూ ఉన్నాయి, తిరిగి వస్తారన్న నమ్మకం కలిగించడానికి అవి పనికివస్తాయి. సాధారణంగా ఒక్కో ప్రయాణంలో ఆరు నెలల వరకు ఉండనిస్తారు. బయలుదేరే ముందు ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకోండి. బీపీ, షుగరు వంటి పాత జబ్బులు ఉంటే వాటికి ఆ పాలసీ ఎంతవరకు వర్తిస్తుందో చదివి చూసుకున్న తరువాతే డబ్బు కట్టండి.